గళ్ళలో శ్రీరామ, మార్జిన్‌లో వాన: చేత్తో రాయడాన్ని సాధనగా ఎలా మొదలుపెట్టాలి

మా అమ్మ రాసిన రామకోటి పుస్తకాలు పదకొండు. ఆవిడ పోయాక చాలా రోజులు వాటి జోలికి వెళ్ళలేకపోయాను. తర్వాత ఒక ఆదివారం ట్రంకు పెట్టెలోంచి తీసి చూస్తే గళ్ళన్నీ శ్రీరామ, శ్రీరామ అని నిండి ఉన్నాయి, అది నాకు తెలిసిందే. తెలియనిది పక్కన మార్జిన్‌లో ఉంది. "పాలు 2 లీటర్లు." "గెడ్డ పొంగినాది." "గుంటడికి జొరం తగ్గింది." "జీడిపిక్కలు ఏరడం మొదలు." అయిదో తరగతి చదివిన మనిషి, ఎవరికీ చూపించాలని కాదు, ఎవరో చదువుతారని కాదు, రామనామం రాస్తూ రాస్తూ కంటికి ఆనింది, చెవిన పడింది పక్కన పెట్టుకుంది.

మాది మందస దగ్గర ఉద్దానం పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి పేజీ కూడా ఆ పుస్తకాల్లో ఉంది. కరెంటు లేదు కాబట్టి కొవ్వొత్తి పెట్టుకుని రాసినట్టుంది, కింద మూలన మైనం చుక్క ఒకటి గట్టిగా అంటుకుని ఉంది, ఆ చుక్క కింద సగం గడి మూసుకుపోయింది. అక్షరాలు మామూలుగా నిలబడి ఉండేవి, ఆ పేజీలో కుడివైపుకి ఒరిగాయి. మార్జిన్‌లో "గాలి" అని ఒక్క మాట. ఆరేడు వరుసల కింద "గాలి ఆగలేదు". తెల్లారాక: "కొబ్బరి 14 పోయినాయి. పనస పోయింది. పాక ఎగిరిపోయింది. మనుషులం బాగున్నాం."

ఆ నాలుగు వాక్యాలు చదివాక నాకు అర్థమైంది, రాయడం ఒక సాధన ఎలా అవుతుందో. గళ్ళు చేతిని నిలబెడతాయి, మార్జిన్ కళ్ళు తెరిపిస్తుంది, రెండూ ఒకే పేజీ మీద ఉండాలి. నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే, శ్రీకాకుళం టౌన్‌లో అద్దె ఇంట్లో, స్కూలుకి బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు. ఎలా చేయాలో అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

ముందు సామాను. లాంగ్ సైజు రూళ్ళ నోట్‌బుక్, 200 పేజీలది చాలు. అట్ట అందంగా ఉన్న ఖరీదైన డైరీ కొనకండి, అందులో రాయడానికి భయమేస్తుంది, బాగా రాయాలన్న టెన్షన్ పట్టుకుంటుంది. అయిదు రూపాయల బాల్ పెన్ను. పేజీకి కుడివైపు మూడో వంతు వదిలేసి స్కేలుతో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు పెద్ద భాగం గళ్ళది, కుడివైపు మార్జిన్. రామకోటి పుస్తకమే వాడతానంటే మరీ మంచిది, పూజా సామాన్ల షాపులో దొరుకుతుంది, గళ్ళు అచ్చువేసి ఉంటాయి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకోవడం కాదు, ఇంకో గదిలో.

ఎడమవైపు ఏం రాయాలి? రాముడి మీద నమ్మకం ఉంటే శ్రీరామ, అంతకంటే వెతకక్కర్లేదు. శివుడైతే శివ. నమాజు చేసేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు తమ గ్రంథంలోంచి ఒక చిన్న వాక్యం. దేవుడి ఊసు వద్దనుకునేవాళ్ళు ఒక వేమన పద్యపాదం తీసుకోండి. షరతు ఒక్కటే, నెల రోజులు దాన్ని మార్చకూడదు. రోజుకో కొత్త సూక్తి వెతుక్కుంటే సాధన పక్కకి పోయి వెతుకులాటే మిగులుతుంది.

రాసిందే రాయడం వల్ల ఏమొస్తుందని మా స్టాఫ్ రూమ్‌లో ఒక మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జపాన్‌లో బౌద్ధులు హృదయసూత్రాన్ని చేత్తో ఎత్తి రాస్తారు, దాన్ని షాక్యో అంటారు, చిన్న సూత్రం, సుమారు 260 అక్షరాలు, ఒక్కొక్క అక్షరం మీద మనసు నిలిపి రాయడమే అక్కడ ధ్యానం. కొత్త విషయం తెలుసుకోవడానికి కాదు ఆ రాత. మన బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో ఆత్మను గురించి వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసనం, అంటే దానిమీదే మనసు నిలిపి ఉంచడం, చేయాలి అంటాడు. వినగానే అయిపోతే మిగతా రెండూ ఎందుకు చెప్తాడు? యూరప్‌లో బెనెడిక్టు మఠాల సన్యాసులకి లెక్షియో దివీనా అని ఒక పద్ధతి ఉంది, గ్రంథంలోంచి కొంచెం చదివి దానితోనే ఉండిపోవడం. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి దానికి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత ఊరికే దేవుడి సన్నిధిలో ఉండిపోవడం. చదివిన మాటని లోపల తిప్పుకోవడానికి వాళ్ళు లాటిన్‌లో వాడిన మాట రుమినాషియో. అంటే అచ్చంగా మన నెమరు. పశువు నెమరేసినట్టు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే మధ్యాహ్నం పూట కళ్ళంలో గేదె నెమరేయడం చూస్తూ పెరిగినదాన్ని నేను. దానికి తొందర ఉండదు. మింగింది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని, దవడ పక్కకి జరిపి నములుతుంది, ఆగుతుంది, గొంతులో ముద్ద కిందికి జారడం మనకి కనిపిస్తుంది, రెండు మూడు క్షణాలు కదలకుండా ఉంటుంది, మళ్ళీ ఇంకో ముద్ద పైకి వస్తుంది. గళ్ళలో రాయడం ఆ వేగంతోనే జరగాలి. నాకు పది నిమిషాల్లో అరవై డెబ్బై గళ్ళు నిండుతాయి. మీకు ముప్ఫయ్యే నిండితే ముప్ఫయ్యే.

లెక్క గురించి ఒక మాట. రోజుకి వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తి కావడానికి పదివేల రోజులు, అంటే ఇరవయ్యేడేళ్ళు దాటుతుంది. మా అమ్మ పూర్తి చేయలేదు. పద్దెనిమిది లక్షలు దాటిందని పుస్తకాల చివర వేసుకున్న లెక్కని బట్టి తెలిసింది. తక్కువ రాసిందని ఆవిడ ఎప్పుడూ బాధపడగా నేను చూడలేదు. మీరు మాత్రం లెక్క అసలు పెట్టుకోకండి మొదటి ఏడాది.

పది నిమిషాలయ్యాక పెన్ను కింద పెట్టి, ఒకసారి చుట్టూ చూసి, మార్జిన్‌లోకి రండి. అసలు కష్టం ఇక్కడే.

మార్జిన్‌లో రాయాల్సింది ఇప్పుడు, ఇక్కడ, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. నాలుగైదు వాక్యాలకి మించి వద్దు. "కిటికీ చువ్వ మీద చీమల బారు. మూడోది తెల్లగా ఏదో మోస్తోంది. పక్కింట్లో కుక్కర్ రెండో విజిల్." ఇంతే. "ఈ ఉదయం ఎంతో ప్రశాంతంగా ఉంది", "మనసు దివ్యమైన అనుభూతితో నిండిపోయింది" లాంటివి రాయకండి. నేను మొదటి రెండు నెలలు అవే రాశాను, పేజీలు పేజీలు, తర్వాత తిరగేస్తే ఏ రోజు ఏ రోజో నాకే తెలియలేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మ "గాలి ఆగలేదు" అని రాసిన చోట మాత్రం ఆ రాత్రి మొత్తం కళ్ళ ముందుకి వస్తుంది. పెద్ద మాట చూసినదాన్ని కప్పేస్తుంది. ప్రశాంతం అని రాయాలనిపించినప్పుడు ఆగి, ఏది చూస్తే ప్రశాంతం అనిపించిందో వెతికి అది రాయండి.

ఇది ఎలా రాయాలో నేర్పే బడి మన పక్కనే ఉంది, శ్రీకూర్మం. గుడిలో స్తంభాల మీద శాసనాలు చూశారా? దర్శనం చేసుకుని ప్రసాదం తీసుకుని వచ్చేస్తాం కానీ వాటి ముందు ఆగం. తూర్పు గాంగుల కాలం నాటివి చాలా ఉన్నాయి. దానశాసనం రాసే తీరే వేరు: ఫలానా శక సంవత్సరం, ఫలానావారు, దేవుడి ముందు అఖండ దీపానికి, ఇంత ఇచ్చారు. భక్తితో గుండె ఉప్పొంగిందని దీపం పెట్టినావిడ చెప్పుకోదు. ఎవరు, ఏమిటి, ఎంత. అమ్మ కొబ్బరిచెట్ల లెక్క అచ్చం అలాగే ఉంది, పద్నాలుగు కొబ్బరి, ఒక పనస, ఒక పాక, చివర మనుషులం బాగున్నాం. ఆ బాగున్నాం అన్న మాటలో ఎంత దండం ఉందో చెప్పలేను.

శ్రీకూర్మంలోనే ఇంకో అభ్యాసం. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతున్నారు. గీతలో స్థితప్రజ్ఞుణ్ణి గురించి చెప్తూ తాబేలు తన అవయవాల్ని అన్ని వైపుల నుంచీ లోపలికి లాక్కున్నట్టు ఇంద్రియాల్ని విషయాల నుంచి మరల్చుకునేవాడు అంటాడు కృష్ణుడు. శ్లోకం అందరికీ తెలుసు. తాబేలుని పావుగంట చూసినవాళ్ళు ఎంతమంది? నేను ఒక శనివారం కూర్చున్నాను. చిప్ప మీద ఒక్కొక్క బుడిపె నుంచి పసుపు గీతలు, పిల్లలు వేసే సూర్యుడి బొమ్మలా. ఎవరో వేసిన గోంగూర ఆకు దగ్గరకి వచ్చింది, వెనక ఒక బాబు గట్టిగా అరిచాడు, తల ఒక్కసారిగా లోపలికి పోయింది. కాళ్ళు మాత్రం పూర్తిగా పోలేదు, సగం బయటే. చాలాసేపటికి ముక్కు, తర్వాత కళ్ళు. కళ్ళు బయటికి వచ్చాక కూడా వెంటనే కదల్లేదు, చూసింది. ఆకు అక్కడే ఉంది. అప్పుడు మెడ చాచింది. నేనింతకాలం ఆ శ్లోకాన్ని ముడుచుకుపోవడం గురించి అనుకున్నాను, ఆ రోజు మార్జిన్‌లో రాస్తుంటే తెలిసింది, బయటికి రావడం కూడా అందులో ఉందని, అదీ నెమ్మదిగా, చూసుకుని. మీరు వెళ్తే వేరేది కనిపిస్తుంది. వెళ్ళండి, ఫోటో తీయకండి, రాయండి.

ఇప్పుడు భాష. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "నాకు మంచి తెలుగు రాదండీ" అని. గిడుగు రామమూర్తి పంతులుగారి జిల్లాలో పుట్టి ఈ మాట అనకూడదు మనం. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలన్నారు. తెలుగు విషయంలోనూ అదే కొట్లాట, మాట్లాడే భాషలో రాయాలని. అదంతా చదువుకి సంబంధించిన గొడవ అనుకుంటాం. సాధన చేసేవాళ్ళకి ఇంకా దగ్గరి సంగతి అది. అమ్మ "గెడ్డ పొంగినాది" అని రాసింది, "వాగు ఉప్పొంగెను" అని రాసుంటే అది ఆవిడ చూసిన గెడ్డ కాదు. మీ ఇంట్లో త్వరగా అనడానికి బేగి అంటే బేగి అని రాయండి, ఏమిటి అనడానికి ఏటి అంటే ఏటి అనే. మీరు దేవుడితో మనసులో మాట్లాడే భాష ఏదో, కోపం వస్తే నోట్లోంచి వచ్చే భాష ఏదో, మార్జిన్‌లో అదే ఉండాలి. స్కూల్లో నేను పిల్లలకి వ్యాకరణం చెప్పే మనిషినే, దాని విలువ నాకు తెలుసు, అయినా ఈ పుస్తకంలో మాత్రం ఎర్ర పెన్ను పట్టుకోను.

గిడుగువారి పేరు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. గార మండలంలోనే, శ్రీకూర్మానికి ఎంతో దూరం లేకుండా, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. ఆ కొండ మీది బౌద్ధ శిథిలాల్ని 1919లో వెలుగులోకి తెచ్చింది ఆయనే. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాలు, ధాతువులు, అంటే పూజించే అస్థికలు, దాచిన కరండాలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. శాలివాటిక అంటే ధాన్యం చోటు, దాన్నుంచే ఆ పేరని కొందరు, శల్యపేటిక, ఎముకల పెట్టె, దాన్నుంచని కొందరు అంటారు. నాకు రెండూ ఇష్టమే, ధాన్యమూ ధాతువూ ఒకే కొండ పేరులో. నెలకోసారి బస్సులో వెళ్తాను. అక్కడ పద్ధతి కొంచెం మారుస్తాను: గళ్ళు రాయను, దాని బదులు ఇటుకల స్తూపం చుట్టూ మూడుసార్లు మౌనంగా నడుస్తాను, భిక్షువులు శతాబ్దాల తరబడి చేసింది అదే కదా, తర్వాత నది కనిపించే వైపు కూర్చుని మార్జిన్ రాస్తాను. మొన్న వెళ్ళినప్పుడు రాసింది: "ఇసుకలో రెండు ట్రాక్టర్ల చాళ్ళు. నీళ్ళు సన్నంగా, అవతలి ఒడ్డుకి ఆనుకుని. ఇటుక వేడిగా ఉంది, చెయ్యి తీసేశాను." టైముంటే అటునుంచి కళింగపట్నం వెళ్ళండి, అదే నది సముద్రంలో కలిసేది చూడొచ్చు.

విజయనగరం వాళ్ళకి రామతీర్థం ఉంది. కోదండరాముడి గుడి, పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళు, దుర్గకొండ మీద జైనులవి, మూడు దారులవాళ్ళు కూర్చున్న చోటు. టౌన్ దాటలేనివాళ్ళకి అయ్యకోనేరు గట్టు చాలు.

చోటు అంటే యాత్రలే అనుకోకండి. రోజువారీ సాధనకి ఇంట్లో ఒకే చోటు, ఒకే వైపు తిరిగి. నాది వంటింటి పక్క వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా పక్కింటివాళ్ళ మునగచెట్టు. నాలుగేళ్ళలో ఆ మునగచెట్టు గురించి వందసార్లు రాసుంటాను, ఇంకా అయిపోలేదు. రోజూ కొత్త చోటు వెతికితే కొత్త చోటే కనిపిస్తుంది, చెట్టు కనిపించదు.

రాసింది వెంటనే చదవద్దు. మండలం రోజులు, అంటే నలభై ఒక్క రోజులు దీక్షలా అనుకుని, ఆ తర్వాత ఒకసారి మొత్తం చదవండి. చదివేటప్పుడు దిద్దకండి. మధ్యలో ఒకటి రెండు రోజులు తప్పితే పరవాలేదు, తప్పిన రోజుది మర్నాడు కలిపి రాయకండి, అది అప్పు తీర్చడం అవుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నలుగురు చూస్తారని తెలిసిన మరుక్షణం మార్జిన్‌లోకి మళ్ళీ ఆ పెద్ద మాటలు వచ్చేస్తాయి, నాకు జరిగింది. ఇంట్లోవాళ్ళు చూస్తారని భయం ఉంటే ముందే చెప్పేయండి, ఇది నా పూజ లాంటిది, పూజలో ఉన్నప్పుడు పిలవరు కదా అని. మా ఆయనకి అలాగే చెప్పాను, అర్థం చేసుకున్నారు.

ఏమీ రాని రోజులు ఉంటాయి. పొడి పొడిగా, చెక్క ముక్కలా. గళ్ళు నిండుతాయి, మనసు బజార్లో తిరిగి వస్తుంది. అప్పుడు నాకు అరసవల్లి గుర్తుకొస్తుంది. సూర్యకిరణాలు నేరుగా లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడేది ఏడాదిలో మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు, అదీ మబ్బు లేకపోతే. మిగతా రోజుల్లో కూడా తెల్లవారుజామున తలుపు తీస్తారు, పూజ చేస్తారు, దీపం పెడతారు. పొడి రోజున నేను చేసేది ఒక్కటే, మార్జిన్‌లో తారీఖు వేసి ఒకే ఒక్క వస్తువు పేరు రాస్తాను. "చీపురు." అక్కడితో ఆపుతాను.

ఇంకో రకం రోజులు ఉంటాయి, దుఃఖం తోసుకొచ్చే రోజులు. అప్పుడు మార్జిన్ చాలదు, గీత దాటి రాయాలనిపిస్తుంది. దాటండి. కానీ చివర్లో తప్పకుండా బయట ఉన్నది ఒకటి రాయండి, చెట్టో, చప్పుడో. లేకపోతే రాత మనల్ని ఆ గుంతలోనే తిప్పుతుంది. వారాల తరబడి అదే గుంతలో ఉంటే, నిద్ర పట్టకపోతే, డాక్టరు దగ్గరకి వెళ్ళండి, పుస్తకం ఆ పని చేయలేదు.

అమ్మకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చివరి ఏడాదిన్నర డయాలసిస్, వారానికి మూడుసార్లు, మంచం మీద నాలుగేసి గంటలు. సూదులు ఎడమ చేతికి ఉండేవి, కుడి చెయ్యి ఖాళీగా ఉండేది. పుస్తకం కింద పెట్టుకోవడానికి నన్ను పరీక్ష అట్ట తెమ్మంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని, ఆవిడ రాసుకునేది. "ఏటి రాస్తన్నావమ్మా అంతసేపు" అంటే "ఏటుంది, రాముడు" అనేది. పదకొండో పుస్తకంలో ఆ రోజుల మార్జిన్ ఉంది. "మిషను చప్పుడు తగ్గింది." "పక్క మంచం అబ్బి నవ్వినాడు." "ఫ్యాను మీద ఉడుత గూడు కట్టింది, ఎవరూ చూడలేదు." ఆ గదిలో ఏడాదిన్నర నేనూ ఉన్నాను. ఉడుతని చూడలేదు.

పది పుస్తకాలు రామాలయంలో అప్పగించాం, అలాగే చేయమని చెప్పింది. మీరూ మీవి నిండాక గుళ్ళో ఇవ్వొచ్చు, నీళ్ళలో వదిలేయొద్దు, దాచుకోవాలనిపిస్తే దాచుకోండి. పదకొండోది మాత్రం నేను ఇవ్వలేదు. అందులో ఒక పేజీలో పదిహేడు గళ్ళు రాసి ఆపేసింది, పద్దెనిమిదో గడిలో శ్రీ మాత్రమే ఉంది. ఆ తర్వాతి గడి నుంచి నా చేతిరాత.